ఏడో గడి

“ఏం చేస్తున్నావ్?” అని అడిగింది ఫోన్లో భర్త అక్కగారు.

“ఏం లేదు వదినా, ఖాళీగానే ఉన్నా. చెప్పండి.”

అలా అంటున్నప్పుడు ఆమె భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరుక్కుని ఉంది. కుడిచెయ్యి కూర కలుపుతోంది. ఎడమచెయ్యి మూడు టిఫిన్ డబ్బాలకి ఏ మూత ఎవరిదో తడుముతోంది. కాలు ఫ్రిజ్ తలుపు మూస్తోంది. గదిలోంచి భర్త “నీలం సాక్సు ఒకటే ఉందేం?” అని, బాత్రూంలోంచి కూతురు “అమ్మా, టవల్!” అని, హాల్లో కుర్చీలోంచి అత్తగారు “టీ చల్లారిపోయింది, కంగారేం లేదులే” అని ఒక్కసారే అరిచారు. సాక్సు మంచం కింద, టవల్ తలుపు వెనక, టీ పొయ్యి మీద. మూడూ అందించింది, వదినగారి మాట ఒక్కటి కూడా పోనివ్వకుండా. “నీ పనే హాయి, మాకైతే పొద్దున్నే ఊపిరాడదు” అని ఆవిడ పావుగంట చెప్పుకుంది. నిజమే కాబోలనుకుంటూ ఆమె డబ్బాలకి మూతలు పెట్టింది.

తొమ్మిదికల్లా ఇంట్లోవాళ్ళని ఎక్కడివాళ్ళని అక్కడికి సాగనంపి, తొమ్మిదింబావు బస్సెక్కి, తొమ్మిదిన్నరకి జూలో ఉంటుంది. అక్కడ ఆమె ఉద్యోగం కూర్చోవడం. నిజంగా అంతే. చింపాంజీల ఆవరణకి మందపాటి అద్దం ఉంది. దాని ముందు స్టూలేసుకుని కూర్చోవాలి. చేతిగడియారం అయిదు నిమిషాలకోసారి కీచుమంటుంది. కీచుమన్న ఆ క్షణాన ఏ చింపాంజీ ఏం చేస్తోందో ఫారంలో టిక్కు పెట్టాలి. ఒక్కొక్కదానికి ఏడు గడులు. తిండి, నడక, ఆట, గొడవ, నిద్ర, పేలు చూడటం. ఈ ఆరింటిలో ఏదీ కాకపోతే ఏడోది, ఖాళీ. చింపాంజీల తలుపులు తీసి వేసే తాళాలాయన మొదటి వారంలోనే ఆమెకి రాతమ్మ అని పేరు పెట్టాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు ఆయనది, ఎవరికి పెట్టిన పేరైనా అతుక్కుపోతుంది. లోపలి మగవాటిలో ఒకటి బుసబుస, రెండోది గీరాయన, పిల్లది బుడంకాయ. అన్నిటికన్నా వయసు మళ్ళిన ఆడది పెద్దావిడ.

పెళ్ళికి ముందు చదివిన జీవశాస్త్రం పెట్టెలో పడి ఉండగా, పదిహేడేళ్ళ తర్వాత దొరికిన పని ఇది. “ఇంటికి ఇబ్బంది లేకుండా చూసుకుంటానంటే వెళ్ళు, నేనేం అడ్డుపడే రకం కాదు” అన్నాడు భర్త. ఆ మాటన్నందుకు తనెంత మంచివాడో చుట్టాలందరికీ ఆయనే చెప్పుకున్నాడు. నిజానికి మంచివాడే. కాకపోతే ఆ మంచితనమంతా ఆమె వంటిల్లు సర్దుకుని బయల్దేరాకే మొదలవుతుంది.

జూ వెటర్నరీ డాక్టరమ్మ ఇచ్చిన పుస్తకాలు రాతమ్మ బస్సులో చదివేది. చింపాంజీ తల్లి పిల్లని నాలుగైదేళ్ళు మోస్తుందట. కొట్టుకున్నాక ఒకటి చెయ్యి చాపుతుందట, రెండోది ఆ చెయ్యి పట్టుకుంటే రాజీ అయినట్టట. చక్కిలిగిలి పెడితే నోరు తెరిచి, ఊపిరి ఎగబీల్చి నవ్వుతాయట. చదివినదల్లా మర్నాడు అద్దం అవతల కనబడుతుంటే, తెలిసినవాళ్ళింటికి పేరంటానికి వెళ్ళినట్టుండేది. సాయంత్రం భోజనాల దగ్గర అవే కబుర్లు.

“ఏమంటున్నాయి మీ కోతులు?” అనేవాడు భర్త.

“కోతులు కాదు నాన్నా,” అనేది పదో తరగతి కూతురు. “తోకుంటే కోతి. చింపాంజీకి తోకుండదు, మనలాగే.”

“మీ నాన్నకి చిన్నప్పుడుండేదే,” అంది అత్తగారు. “స్కూల్లో మాస్టార్లు కత్తిరించారు.”

“వాటి జన్యువులూ మనవీ నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు ఒకటేనట,” అంది రాతమ్మ.

“చూశావా, ఆ మిగిలిన రెండు పాళ్ళలోనే మనిషి చొక్కా ఇస్త్రీ చేసుకోవడం నేర్చుకున్నాడు,” అన్నాడు భర్త.

“ఇస్త్రీ చేసేది అమ్మ కదా,” అంది కూతురు. “నువ్వింకా తొంభై ఎనిమిది దగ్గరే ఉన్నావ్ నాన్నా.”

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా భర్తే నవ్వాడు. నవ్వి, కంచం అక్కడే వదిలేసి లేచాడు.

మూడు నెలలయ్యాక డాక్టరమ్మ ఒకరోజు గదిలోకి పిలిచి కంప్యూటర్ చూపించింది. తెర మీద రంగురంగుల చక్రాలు, చింపాంజీకి ఒకటి. “మీ ఫారాలే,” అంది సంబరంగా. “ఒక్క పూట కూడా ఎగ్గొట్టకుండా రాశారు.” బుడంకాయ చక్రం నిండా ఆట. బుసబుస చక్రంలో గొడవ ఎర్రగా ఉంది. చివరి చక్రంలో ముప్పాతిక దాకా బూడిదరంగే ఉంది, మిగతాది ఏవో సన్నటి రంగు చీలికలు.

“ఇదెవరిది?”

“పెద్దావిడది. నూటికి డెబ్బై ఒకటి ఖాళీ. వేరే ఊరి జూ వాళ్ళు ఒక ఆడదాన్ని అడుగుతున్నారు. మనకీ చోటు ఇరుకుగానే ఉంది. ఎవర్ని పంపితే గుంపుకి నష్టం తక్కువో తేలక తల పట్టుకున్నాం. మీ ఫారాలు తేల్చేశాయి. వచ్చే నెల మొదటివారంలో బండి వస్తుంది.”

రాతమ్మ తిరిగి వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. అద్దం అవతల పెద్దావిడ ఎప్పటిలాగే మొద్దుకి వీపు ఆనించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది. ఈడొచ్చాక ఈ ఆవరణలోకే వచ్చి, ఇక్కడే పిల్లల్ని కని, ఇక్కడే ముసలిదైన ప్రాణం. ఈ వయసులో డబ్బాలో పెట్టి, ముక్కూ మొహం తెలియని గుంపులో దింపేస్తారు. ఎందుకంటే రాతమ్మ అనే ఆవిడ, పని బుద్ధిగా చేస్తుందని పేరు తెచ్చుకున్న ఆవిడ, మూడు నెలలపాటు అయిదు నిమిషాలకోసారి దాని పేరుకెదురుగా ఏడో గడిలో టిక్కు పెట్టింది. అబద్ధం రాయలేదే, అనుకుంది. చూసిందే రాశాను. గడియారం కీచుమనేసరికి అది కూర్చునే ఉండేది. తినదు, ఆడదు, నిద్రపోదు. మరింకేం రాయాలి? అయినా తప్పు చేశానన్న గుబులు బస్సెక్కినా దిగినా వదల్లేదు. కీచుమంటే చాలు, చేతికి ఆ గడి ఎంత అలవాటైపోయిందంటే, మర్నాడు కూడా కలం దానంతటదే అక్కడికే పోయింది.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారికి తల దువ్వుతూ ఆ సంగతి చెప్పింది. వారానికోసారి అత్తగారు కుర్చీలో, తను వెనక నిలబడి చిక్కు తీయడం వాళ్ళిద్దరికీ అలవాటు. ఎప్పుడు మొదలైందో గుర్తులేదు. మొదట్లో విసుక్కుంటూ చేసేది. చింపాంజీల సంగతి చదివాక విసుగు పోయింది. అవి గంటలకొద్దీ ఒకదాని ఒళ్ళు ఒకటి వెతుక్కునేది పేల కోసం కాదనీ, నేనున్నానని చెప్పుకోవడానికనీ పుస్తకంలో ఉంది.

“పాపం,” అంది అత్తగారు. “ఇంతకీ రోజంతా ఏం చేస్తుందే అది?”

“ఏం లేదత్తయ్యా. కూర్చుని చూస్తూ ఉంటుంది.”

“దేన్ని?”

దువ్వెన ఆగింది.

“దేన్ని చూస్తుందో చూశావా?” అంది అత్తగారు మళ్ళీ. “నువ్వు దాన్ని చూస్తున్నావు, సరే. అది దేన్ని చూస్తోంది?”

“అంటే...”

“అంటే ఏముంది? నేనూ ఈ కుర్చీలో కూర్చునే ఉంటాగా. మా అమ్మ ఏ పనీ లేకుండా హాయిగా కూర్చుంటుందని వాడు స్నేహితులకి చెప్తుంటాడు. వాడు గుమ్మంలోకి వచ్చి బూట్లు విప్పే తీరు చూస్తే నాకు తెలుస్తుంది, ఆఫీసులో ఎవడో వీణ్ణి తిట్టాడనీ, ఆ తిట్లు ఇప్పుడు నీ మీదికి దిగబోతున్నాయనీ. ఒక బూటు ఇటూ ఒకటి అటూ పడిందంటే ఇక చూస్కో. అప్పుడు మోకాలు నొప్పి అంటాను. వాడు పరుగున వచ్చి మందు రాస్తాడు. రాసేసరికి సగం చల్లబడతాడు. మిగతా సగం టీవీలో వార్తలవాణ్ణి తిడతాడు.”

రాతమ్మ కుర్చీ చుట్టూ తిరిగి ముందుకొచ్చి అత్తగారి మొహంలోకి చూసింది. ఎన్ని సాయంత్రాలు! తను పని మీద ఉండగా ఆ మోకాలు నొప్పి వినబడితే, ఇదొకటి నా ప్రాణానికి అని ఎన్నిసార్లు అనుకుంది. ఈ ఇంట్లో తనొక్కతే పనిచేస్తోందనీ, ఆవిడ కుర్చీ దిగదనీ పుట్టింట్లో అమ్మతో ఎన్నిసార్లు చెప్పుకుంది. మనసులో ఆవిడ పేరుకెదురుగా తను పెట్టిన టిక్కులన్నీ ఏ గడిలో పడ్డాయో ఇప్పుడు కనబడుతోంది.

“అయితే ఆ నొప్పి అబద్ధమా అత్తయ్యా?”

“కొంత నిజమే,” అంది అత్తగారు. “ఎంత కావాలంటే అంత. పాపిడి వంకరొచ్చింది, సరిగ్గా తియ్యి.”

ఆ సాయంత్రమే రాతమ్మ జూలో పొద్దుటి వేళ సంగతి ఆలోచించింది. చింపాంజీల తలుపులు ఏడింటికి తీస్తారు. తిండి వేసేదీ అప్పుడే. కొట్లాటలేవైనా ఉంటే అప్పుడే ఉంటాయని తాళాలాయన ఎప్పుడో మాటల్లో అన్నాడు. తను వెళ్ళేది తొమ్మిదిన్నరకి. ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ గుంపులో ఏం జరుగుతుందో ఏ ఫారంలోనూ లేదు. దానికి కారణం మా ఇంటి మూడు టిఫిన్ డబ్బాలు అనుకునేసరికి ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆగిపోయింది.

“రేపట్నుంచి రెండు వారాలు నేను ఆరింటికల్లా వెళ్ళాలండీ,” అంది భోజనాల దగ్గర.

భర్త ముద్ద నోటి దగ్గరే ఆపాడు. “ఆరింటికా? మరి డబ్బాలు?”

“కట్టుకోవాలి.”

“ఎవరు?”

ఆ ప్రశ్న ఆయన ఎంత అమాయకంగా అడిగాడంటే, కోపం రావలసిన చోట ఆమెకి జాలేసింది. “ఎవరి డబ్బా వాళ్ళు,” అంది.

“ఒక చింపాంజీ కోసం ఇల్లు గాలికొదిలేస్తావా?”

“ఇంట్లో మీ ముగ్గురూ ఉంటారుగా. గాలికెందుకు పోతుంది?”

“అమ్మకి మోకాలు నొప్పి...”

“లేదురా, ఇవాళ బాగానే ఉంది,” అంది అత్తగారు, కంచంలోంచి తలెత్తకుండా. “రెండు వారాలదాకా రాదేమో కూడా.”

మొదటిరోజు బస్సులో ఉండగా ఏడు ఫోన్లొచ్చాయి. ఉప్పెక్కడ? కుక్కరు ఎన్ని కూతలు? కూత అంటే పెద్దదా చిన్నదా? రెండోరోజు నాలుగొచ్చాయి. మూడోరోజు భర్త ఫోన్ చేసి ఏమీ అడక్కుండా, “కూర మాడింది. కాని బాగుంది,” అని పెట్టేశాడు. ఆ గొంతులో కుర్రవాడు మొదటిసారి సైకిలు తొక్కినంత గర్వం ఉంది. రాతమ్మకి బస్సులో అందరి ముందూ నవ్వాగలేదు.

జూలో ఆమె స్టూలు జరిపి, పెద్దావిడ కూర్చునే మొద్దుకి సూటిగా వేసుకుంది. దాన్ని కాకుండా, దాని కళ్ళు ఎటుంటే అటు చూడటం మొదలుపెట్టింది. మొదటి రెండు రోజులూ ఏమీ తెలియలేదు. మూడోరోజు తలుపులు తెరుచుకుని, తిండి పడి, అన్నీ ఎగబడ్డాక, పెద్దావిడ తన వాటా ఒళ్ళో పెట్టుకుని తినకుండా బుసబుస భుజాల వైపు చూస్తోంది. రాతమ్మా అటే చూసింది. ఆ భుజాల మీద వెంట్రుకలు నెమ్మదిగా నిక్కబొడుచుకుంటున్నాయి. ఒక బూటు ఇటు, ఒక బూటు అటు అనుకుంది రాతమ్మ.

బుసబుస పక్కకి వంగి రాయి తీసింది. గీరాయన ఇంకా వెనక్కి తిరిగే ఉంది. పెద్దావిడ ఒళ్ళోది కింద పెట్టి లేచింది. పరుగు లేదు, అరుపు లేదు. వెళ్ళి బుసబుస గుప్పిటని రెండు చేతుల్తో పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, రాయి తీసుకుంది. అది ఇంకో రాయి తీస్తే అదీ తీసుకుంది. తర్వాత గీరాయన దగ్గరికి నడిచి కూర్చుని దాని ఒళ్ళు వెతికింది. కాసేపటికి లేచి, అది వెంట వస్తోందా లేదా అని వెనక్కి చూసుకుంటూ, బుసబుస దగ్గరికి తీసుకొచ్చింది. ఇద్దరికీ మధ్యలో కూర్చుంది. అటొకరు ఇటొకరు ఆవిడ ఒళ్ళు వెతుకుతున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుంది. తర్వాత ఎప్పుడు జారుకుందో రాతమ్మకే తెలియలేదు, మధ్యలోంచి మెల్లిగా తప్పుకుంది. ఆ రెండు మగవాటి చేతులూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇప్పుడవి ఒకదాని పేలు ఒకటి చూసుకుంటున్నాయి, కొట్టుకోవాలన్న సంగతే మర్చిపోయి. పెద్దావిడ వచ్చి మొద్దుకి వీపు ఆనించి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది.

అప్పుడు కీచుమంది గడియారం.

అంతా కలిపి నాలుగు నిమిషాలు. ఫారం ప్రకారం ఆ పొద్దున బుసబుస పేలు చూసింది. గీరాయన పేలు చూసింది. పెద్దావిడ ఏమీ చెయ్యలేదు. రాతమ్మ కళ్ళు తుడుచుకుని సంచీలోంచి కూతురి పాత నోటుబుక్కు తీసి, మొదటి పేజీలో జరిగింది జరిగినట్టు రాసింది. రెండు వారాల్లో ఆ నోటుబుక్కు నిండింది.

డాక్టరమ్మ పెట్టించిన మీటింగులో జూ మేనేజరుగారు ఆ నోటుబుక్కు అటూ ఇటూ తిప్పి, “బాగుందమ్మా, కథలా ఉంది. కాని ఫారంలో లేని గడి మేమెక్కణ్ణించి తెస్తాం?” అన్నాడు.

“గీసుకుంటే వస్తుందండీ.”

“ఏం పేరు పెడతారు?”

డాక్టరమ్మ “జోక్యం” అంది. అంతలోనే అది బాగాలేదని తనే కొట్టేసింది. “మధ్యవర్తిత్వం” అంది, గడిలో పట్టదంది.

“పెద్దరికం అని రాయండి,” అంది రాతమ్మ.

మేనేజరు నవ్వాడు. “మగవి రెండుండగా ఆడదానికి పెద్దరికమేమిటమ్మా?”

గుమ్మం దగ్గర నిలబడ్డ తాళాలాయన గొంతు సవరించుకున్నాడు. “వాటిది బలం సార్. పెద్దరికం ఆవిడదే. ఆవిడకి జ్వరమొచ్చి వారం రోజులు వేరే గదిలో పెట్టినప్పుడు గీరాయనకి చెవి తెగింది, గుర్తుందా?”

“ఈ మాట ముందెందుకు చెప్పలేదు?” అంది డాక్టరమ్మ.

“నన్నెవరూ అడగలేదమ్మా. నా దగ్గర ఫారం లేదు కదా.”

మేనేజరు కలం టేబుల్ మీద కొడుతూ, “అయితే మూడు నెలల ఫారాలూ తప్పంటారా? పైవాళ్ళకి పంపేశాం. బండి ఆపాలంటే ఎవరో ఒకరు రాతపూర్వకంగా తప్పొప్పుకోవాలి,” అన్నాడు.

“నేను రాసిస్తాను.”

డాక్టరమ్మ ఆమె మోచెయ్యి మీద చెయ్యి వేసి, “వచ్చే నెల మీ ఉద్యోగం పొడిగించే ఫైలు వెళ్తోంది,” అంది మెల్లిగా. “ఆలోచించుకోండి.”

రాతమ్మ ఆలోచించింది. అద్దం ముందు స్టూలు, బస్సులో పుస్తకాలు, సాయంత్రం కబుర్లు, పదిహేడేళ్ళ తర్వాత తనకి దొరికిన ఒకే ఒక్క చోటు. అది పోతే మళ్ళీ వస్తుందన్న ధీమా లేదు. కాని ఆ పొద్దున గుప్పిట విప్పిన వేళ్ళు కళ్ళలోంచి పోలేదు. కాగితం తీసుకుని రాసింది. ‘ఇంటిపని ముగించుకుని తొమ్మిదిన్నరకి రావడం వల్ల, తలుపులు తీసే వేళ జరిగేది నేను చూడలేదు. చూసినంతలో కూడా, నా దగ్గర పేరు లేని పనినల్లా ఖాళీ అని రాశాను. అది పొరపాటు.’ కింద సంతకం పెట్టింది.

మేనేజరు చదివాడు. “మిగతాది సరే. ఈ ఇంటిపని సంగతి ఎందుకమ్మా ఇందులో? ఆఫీసు కాగితం. ఆ ఒక్క ముక్కా కొట్టెయ్యండి.”

“కారణం అదేనండీ,” అంది రాతమ్మ. “ఉండనివ్వండి.”

కాగితం ఫైల్లోకి వెళ్ళింది. బండి రావడం ఆగింది. ఉద్యోగం సంగతి వచ్చే నెల చూస్తామన్నారు.

మర్నాడు ఏడింటికి ఆమె తన చోట తను కూర్చుంది. కొత్త ఫారం ఇంకా అచ్చు కాలేదు. పాతదాని పక్కన స్కేలు పెట్టి గీత గీసుకుంది. తిండి అయ్యాక ఆ రోజు గొడవ లేదు. పెద్దావిడ మొద్దు దగ్గర్నుంచి లేచి, తీరుబడిగా నడుచుకుంటూ అద్దం దాకా వచ్చింది. రాతమ్మ మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, వీపు అద్దానికి ఆనించి, తల కాస్త వంచి కూర్చుంది.

ఆ కూర్చోవడానికి అర్థం రాతమ్మకి తెలుసు. చుట్టూ ఎవరున్నారో చూసుకోలేదు. చెయ్యెత్తి, చల్లటి అద్దం మీద, సరిగ్గా ఆ మెడ వెనక ఉన్నచోట, గోళ్ళతో మెల్లిగా గీకింది, చిక్కు తీసినట్టు. పెద్దావిడ భుజాలు సడలాయి.

గడియారం కీచుమంది. ఫారంలో ‘పేలు చూడటం’ గడి పక్కన చిన్న ఖానా ఒకటుంటుంది, ‘ఎవరితో?’ అని. రాతమ్మ కుడిచెయ్యి అద్దం మీదే ఉంచి, ఎడమచేత్తో వంకరగా రాసింది: ‘నాతో.’